కప్పు విప్పకూడని నెలలు

మా ఊళ్ళో తాపీమేస్త్రీ గానీ, ఇల్లు నేసేవాడు గానీ పని ఒప్పుకునే ముందు వాకిట్లో నిలబడి ఒక మాట అడిగేవాడు. "ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకున్నారా అమ్మా?" అవునంటే ఇక బేరం లేదు, మాటల్లేవు. కాన్పయ్యాక కబురు పెట్టండి, వస్తానని చెప్పి తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఇల్లాలు కడుపుతో ఉండగా ఆ ఇంటి గోడ పడగొట్టకూడదు, కప్పు విప్పకూడదు. ఎందుకని అడిగినవాళ్ళని నేను చూడలేదు. నేనొకసారి అడిగితే మా అమ్మమ్మ మొట్టికాయ వేసింది.

కాలిఫోర్నియాలో మా ఇంటి కప్పు చూడటానికి వచ్చిన రూఫర్ కూడా గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అడిగాడు. ఇంట్లో కుక్కలేమైనా ఉన్నాయా అని. లేవన్నాను. నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. అది ఫిబ్రవరి నెల. నెల తప్పిన సంగతి అప్పటికి నాకే రూఢిగా తెలియదు.

ఎనభైల మొదట్లో కొన్న ఇల్లు అది. లాస్ ఏంజిలెస్‌కి గంట దూరంలో, ఎండిన గడ్డి కొండల మధ్య ఒక ఊరు. మా ఆయన సివిల్ ఇంజినీరు, వంతెనలకి లెక్కలు వేసే కంపెనీలో ఉద్యోగం. ఇల్లు ఒకే అంతస్తు, మూడు పడగ్గదులు, పెరట్లో నిమ్మచెట్టు. చూడగానే నచ్చింది, ఒక్క కప్పు తప్ప. కప్పంతా చెక్క. సెడార్ చెక్కని పేళ్ళుగా చీల్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులు కొట్టారు. షేక్ రూఫ్ అంటారట, అది ఉంటే ఇంటికి అందమూ విలువా రెండూనట. ఇల్లు చూపించినావిడ మురిసిపోతూ చెప్పింది. వీధి వీధంతా అవే కప్పులు, ఎండకి ఎండి నెరిసిపోయి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. సముద్రాలు దాటి వచ్చి చివరికి పూరింట్లో కాపురమా?

పూరిల్లంటే ఏమిటో నాకు తెలుసు. మాది పెంకుటిల్లే కానీ ఎదురుగా కాలవ గట్టు పొడుగునా తాటాకు ఇళ్ళుండేవి. ఏటా ఎండాకాలంలో, మధ్యాహ్నం గాలి లేచే వేళకి, ఎవరి పొయ్యిలోంచో ఒక రవ్వ ఎగిరేది. ఇల్లంటుకుందని కేక వినబడగానే మా చిన్న మేనమామ అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేవాడు. అంటుకున్న ఇంటి జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. అది పోయినట్టే లెక్క. గాలి ఎటు కొడుతోందో చూసుకుని, ఆ పక్కింటి మీదికెక్కి దాని తాటాకంతా పీకి కింద పడేసేవాళ్ళు. ఆడవాళ్ళు గోనెసంచులు కాలవలో ముంచి పైకి అందించేవాళ్ళు. ఆ ఇంటావిడ లబోదిబోమని మొత్తుకుంటున్నా వినేవాళ్ళు కాదు. కప్పు పోయినా ఇల్లు మిగిలేది, దాని వెనక ఇంకో పది ఇళ్ళు మిగిలేవి.

ఇదంతా చెప్తే మా ఆయన నవ్వేవారు. ఇది తాటాకు కాదే, సెడార్ అనేవారు. ఏదైతేనేం, పొయ్యిలో పెడితే మండదా అనేదాన్ని.

మండుతుందని సిటీవాళ్ళకీ తెలిసింది. మేము రాకముందు పక్క లోయలో కార్చిచ్చు వచ్చి ఒక వీధిని మొత్తం మింగేసిందట. మంట ఎక్కడో కొండమీదే ఆగిపోయింది, గాలికి ఎగిరొచ్చిన నిప్పుతోనే కప్పులంటుకున్నాయి. ఆ తర్వాత ఒక రూల్ పెట్టారు. ఉన్న చెక్క కప్పుని ఉంచుకోవచ్చు. కానీ ఏడాదిలో పావు వంతుకు మించి మార్చాలంటే మాత్రం మొత్తం విప్పాల్సిందే, నిప్పంటుకోని దానితో కొత్తగా వేయాల్సిందే. పాత చెక్క మీదే కొత్తది పరిచేస్తామంటే కుదరదు.

ఆ చలికాలం వానలకి మా చివరి గది కారింది. అందుకే రూఫర్ని పిలిచాం. పైకెక్కి దిగొచ్చిన మనిషి సగానికి సగం పుచ్చిపోయిందన్నాడు. చెప్పి, కాస్త గొంతు తగ్గించి ఒక ఉపాయం కూడా చెప్పాడు. ఈ ఏడాది పావు వంతుకు కాస్త తక్కువగా మార్చుకోండి, వచ్చే ఏడాది ఇంకో ముక్క, ఆ పై ఏడాది ఇంకో ముక్క. సిటీవాళ్ళు అడగరు. మా వీధిలో మూడు ఇళ్ళవాళ్ళు ఆ పనే చేశారు, వాళ్ళ కప్పులు బొంతల్లాగా ఉండేవి. మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన దగ్గర లెక్కంటే లెక్కే, రూలంటే రూలే. మొత్తం విప్పి కాంక్రీటు పెంకులు వేయిద్దామన్నారు.

అక్కడ మొదలైంది తిరుగుడు. మా కాలనీకి ఒక కమిటీ ఉంది. ఇంటికి ఏ రంగు వేయాలో, చెత్తడబ్బా ఏ మూల పెట్టాలో కూడా వాళ్ళే చెప్పాలి. వాళ్ళ కాగితాల్లో కప్పు చెక్కదే అయి ఉండాలని రాసుంది. సిటీ చెక్క వద్దంటుంది, కమిటీ చెక్కే కావాలంటుంది. మా ఆయన ఇద్దరికీ ఉత్తరాలు టైపు చేసి, ఒకరి ఉత్తరం నకలు ఇంకొకరికి పంపారు. చివరికి కమిటీ నుంచి ఒక రిటైరైన పెద్దమనిషి వచ్చాడు. నాలుగు రంగుల పెంకులు మా పచ్చిక మీద వరసగా పెట్టించి, రోడ్డుకి అవతల నిలబడి కళ్ళు చికిలించి చూసి, ఎండుటాకు రంగుది పర్వాలేదన్నాడు. దూరం నుంచి చూస్తే చెక్కలా కనిపిస్తుందట. నిప్పు కూడా దూరం నుంచి చూసి చెక్కే అనుకుంటుందేమో కనుక్కోండి అని నేను తెలుగులో అంటే, మా ఆయన దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నారు.

పెంకులు బరువు. ఆ బరువుని దూలాలు మోస్తాయని లెక్కలు చూపిస్తేనే పర్మిట్ ఇస్తామని సిటీ కౌంటర్లో ఆవిడ అంది. ఆ లెక్కలు మా ఆయనకి పండగ. రెండు ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. ఏప్రిల్ చివర్లో పర్మిట్ వచ్చింది. పసుప్పచ్చ కార్డు, కిటికీలో వేలాడదీయాలి. ఆరు నెలల్లో పని మొదలుపెట్టి మొదటి ఇన్‌స్పెక్షన్ చేయించుకోకపోతే చెల్లదు. శరదృతువు గాలులు లేచేలోపు కొత్త కప్పు పడిపోతుందని రూఫర్ జూన్ రెండోవారం తేదీ ఇచ్చాడు.

అప్పటికి నాకు నాలుగో నెల.

ఇక్కడ ముందు ఏడాది సంగతి చెప్పాలి. అప్పుడు మా వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఒక గోడ ఉండేది. స్టవ్ ముందు నిలబడితే గోడ మొహం తప్ప ఇంకేమీ కనిపించదు. అది తీసేయమని నేను పోరు పెట్టాను. నాకు ముక్కు మీద కోపం, ఒకటనుకుంటే అయ్యేదాకా ఊరుకోను. మా ఆయన పనివాళ్ళని పిలవకుండా, సుత్తీ ఇనప కడ్డీ కొనుక్కొచ్చి, సెలవు రోజుల్లో తనే కొట్టేశారు. అప్పుడు నాకు మూడో నెల. మొదటి దెబ్బ పడగానే మా ఊరి మేస్త్రీ ప్రశ్న గుర్తొచ్చింది. వచ్చిందని ఆయనతో అనలేదు. అమెరికాలో కూడా ఇవేం పట్టింపులు అని నన్ను నేనే కసురుకున్నాను. గోడ పడిపోయిన పదో రోజున కడుపు పోయింది.

డాక్టరు మంచావిడ. ఇది చాలామందికి జరుగుతుంది, మీరు చేసినదేమీ కాదు అని చెయ్యి పట్టుకుని చెప్పింది. తలూపాను. ఒక్క ముక్క నమ్మలేదు. ఇంటికి తీసుకొచ్చి నన్ను పడుకోబెట్టాక, మా ఆయన వంటింటి మూల మిగిలిన సున్నపు దుమ్ముని చాలాసేపు ఊడ్చారు. ఆ చప్పుడు వింటూ పడుకున్నాను. ఆ తర్వాత గోడ గురించి గానీ, బిడ్డ గురించి గానీ మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. గోడ పోయిన చోటు మాత్రం ఖాళీగా అలాగే ఉండేది, అటు వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు పక్కకి తిప్పుకునేదాన్ని.

అందుకని జూన్ మొదట్లో, ఆయన ఆఫీసుకి వెళ్ళాక, నేను రూఫర్‌కి ఫోన్ చేశాను. మా ఆయన ఊళ్ళో ఉండటం లేదు, సెప్టెంబరులో రండి అన్నాను. వాడికి చేతినిండా పని, సరేనన్నాడు. సాయంత్రం అన్నం వడ్డిస్తూ, ఆ రూఫర్ ఫోన్ చేశాడండీ, జూన్‌లో కుదరదట, సెప్టెంబరు అంటున్నాడు అని చెప్పాను. మా ఆయన చెయ్యి పప్పు గిన్నె మీద ఒక్క క్షణం ఆగింది. వీళ్ళింతే, మాట మీద నిలబడరు అన్నారు. నేనూ అందుకుని నాలుగు తిట్లు తిట్టాను. పాపం, ఆ మనిషి ఎరగని పాపాలన్నీ అతని నెత్తిన పెట్టాను.

ఆ వేసవంతా మా భోజనాల దగ్గర రూఫర్ని తిట్టడం ఒక వంటకం అయిపోయింది. ఆగస్టు చివర్లో మళ్ళీ ఫోన్ చేసి నవంబరు అన్నాను. ఈసారి ఇంట్లో, వాడు ఫోనే తీయడం లేదని చెప్పాను. టెలిఫోన్ బిల్లులో చిన్న తప్పుంటే మూడుసార్లు ఫోన్ చేసి తేల్చుకునే మనిషి మా ఆయన. అలాంటిది ఒక్కసారి కూడా తను ఫోన్ అందుకోలేదు. వేరే రూఫర్ని చూద్దామనీ అనలేదు. నాకది వింతగా తోచాలి. తోచలేదు. నా అబద్ధం నిలబడితే చాలుననుకునేదాన్ని.

సెప్టెంబరులో గాలి మొదలైంది. ఎడారి వైపు నుంచి కొండలు దాటి వచ్చే ఆ గాలిని అక్కడ శాంటా ఆనా అంటారు. పొడిగాలి. పెదవులు పగిలిపోతాయి, తలుపు గుబ్బ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆరేసిన చీర పావుగంటలో పెళపెళలాడుతుంది. నాకు కాలు నిలిచేది కాదు. వంటింట్లోంచి చివరి గదికి, చివరి గదిలోంచి పెరట్లోకి, కాలుకాలిన పిల్లిలాగా తిరిగేదాన్ని. పొద్దున్నే ఆయన కారు మలుపు తిరగగానే హోస్ పట్టుకుని కప్పు తడిపేదాన్ని. ఎదురింట్లో ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. కిటికీలోంచి చూసి చూసి, ఒకరోజు రోడ్డు దాటి వచ్చి, అమ్మాయీ, పది నిమిషాల్లో ఆరిపోయేదానికి నీ నడుం ఎందుకు విరగ్గొట్టుకుంటావు అని మందలించింది. ఆవిడ చెప్తుండగానే ఆరిపోయింది.

రోజుకి ఎన్నిసార్లు ఫోన్ దగ్గరికి వెళ్ళానో. రేపే వచ్చి విప్పేయమని చెప్దామనుకుంటాను. వేళ్ళు నంబరు తిప్పడం మొదలుపెడతాయి. లోపల బిడ్డ కదులుతుంది. పెట్టేస్తాను. కప్పు విప్పితే బిడ్డకేమవుతుందోనని ఒక భయం, విప్పకపోతే ఆ బిడ్డనీ మమ్మల్నీ పెట్టుకుని ఇల్లే అంటుకుంటుందేమోనని ఇంకో భయం. బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను నేను. గోడకీ గర్భానికీ ఏ సంబంధమూ లేదని ఇంకొకరికైతే అరగంట లెక్చరు ఇవ్వగలను. నా విషయంలో మాత్రం ఆ చదువు దేనికీ పనికిరాలేదు. ఆ నెలల్లో నామీద నాకున్నంత చిరాకు ఎవరిమీదా లేదు.

ఫిబ్రవరిలో వచ్చినప్పుడే రూఫర్, కారే చోట నీలం టార్పాలిన్ కప్పి, చుట్టూ ఇసక మూటలు పెట్టి వెళ్ళాడు. గాలికి దాని అంచు టపటపా కొట్టుకునేది. అది చివరి గది, బిడ్డ కోసం అనుకున్న గది. ఉయ్యాల కొనడానికి నాకు ధైర్యం చాల్లేదు, అందుకని గది ఖాళీగానే ఉండేది.

అక్టోబరు మొదటివారంలో సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి పర్మిట్ చెల్లదు, ఇంతవరకు ఇన్‌స్పెక్షన్‌కి ఎవరూ పిలవలేదు అని. ఇక ఆయన ఫోన్ తీస్తారు, నా బండారం బయటపడుతుంది అనుకున్నాను. మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, పంచదార డబ్బా కింద పెట్టి, చూద్దాంలే అన్నారు. అంతే.

తర్వాతి శనివారం మధ్యాహ్నం అది వచ్చింది.

సాంబారు పొయ్యి మీద ఉంది, వాషింగ్ మెషిన్ నీళ్ళు నింపుకుని దుప్పట్లు తిప్పుతోంది. వాసన ముందొచ్చింది. కాలవ గట్టు వాసన, నా ముక్కు మరిచిపోలేదు. పెరట్లోకి వెళ్ళి చూస్తే కొండ వెనక నుంచి పొగ మా వైపే వంగి వస్తోంది. ఎండ రాగిరంగుకి తిరిగింది. కాసేపటికి పోలీసు కారు వీధిలో మైకులో చెప్తూ వెళ్ళింది, అందరూ ఇళ్ళు వదిలి కిందికి వెళ్ళమని. ఎదురింటి టీచరమ్మ పిల్లి బుట్టతో కారెక్కింది. మేమూ పొయ్యి కట్టేసి, పాస్‌పోర్టులూ, నా ఆసుపత్రి సంచీ కారులో పెట్టుకున్నాం. బయల్దేరబోతుంటే పైన టప్‌మని చప్పుడైంది.

నిప్పు పడింది. చివరి గది మీద, సరిగ్గా టార్పాలిన్ మీదే. ప్లాస్టిక్ ముడుచుకుపోయి కింద ఉన్న ఎండు చెక్క అంటుకుంది. మా ఆయన నిచ్చెన వేసుకుని హోస్‌తో ఎక్కారు. కొండమీద ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ అప్పటికే కుళాయిలు తిప్పి ఉంటారు. హోస్‌లోంచి నీళ్ళు ధారగా కూడా రాలేదు, కారాయి. ఆయన ఆ కారే నీళ్ళని మంట మీద పట్టుకుని నిలబడ్డారు. గాలి మా ఇంటి పొడుగునా కొడుతోంది. నేను కింద నుంచి చూస్తున్నాను. పక్క చెక్క అంటుకుంది. దాని పక్కది అంటుకుంది.

మా మేనమామ అయితే ఈపాటికి ఏం చేసేవాడో నాకు తెలుసు.

"పీకేయండి," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. పొగలో కళ్ళు చికిలించి నన్నే చూశారు.

"నువ్వేనా ఆ మాట అంటున్నది?"

"నేనే. మండేదాన్ని వదిలేయండి. ఈ పక్కన రెండు బారల మేర మొత్తం పీకి కింద పడేయండి."

గ్యారేజ్‌లోకి పరిగెత్తాను. ఎనిమిది నెలలు నిండిన మనిషి పరుగు ఎలా ఉంటుందో అలాగే పరిగెత్తాను. గోడకి రెండు మేకుల మీద ఆ ఇనప కడ్డీ వేలాడుతోంది, ముందు ఏడాది గోడ కొట్టినప్పటిది. ఆ తర్వాత దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. తీసుకెళ్ళి నిచ్చెన మీదికి అందించాను. ఆయన దాన్ని ఒకసారి చూసి అందుకుని మొదటి చెక్క కింద దూర్చారు.

బాస్మతి బియ్యం వచ్చిన గోనెసంచులు ఒక మూల దాచి ఉంచాను, పారేయడం మనకి చేతకాదు కదా. నాలుగు తీసుకెళ్ళి వాషింగ్ మెషిన్ మూత తెరిచి, దుప్పట్ల మధ్య సబ్బునీళ్ళలో ముంచాను. నీళ్ళోడుతున్న సంచుల్ని ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి అందించాను. పైన చెక్కలు విరుగుతున్న చప్పుడు. మేకులు ఊడుతున్న చప్పుడు. ఎండిన పేళ్ళు నా చుట్టూ పచ్చిక మీద పడుతున్నాయి. ప్రతి చప్పుడుకీ నా చెయ్యి పొట్ట మీదికి వెళ్ళేది. అయినా నోరు మాత్రం ఇంకా పీకండి, ఇంకా అంటూనే ఉంది. మంట ఆ ఖాళీ అంచుదాకా వచ్చి, అంటుకోవడానికి ఏమీ లేక, అక్కడే ఎగిరెగిరి పడింది. ఆయన తడి సంచులతో దాన్ని బాదుతుండగా ఫైర్ ఇంజన్ వచ్చింది. దిగిన ఇద్దరూ నా పొట్ట చూసి మా ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, మమ్మల్ని కారెక్కించి పంపేశారు.

కొండ దిగే రోడ్డు నిండా కార్లు. లైట్లు వేసుకుని నత్తనడక నడుస్తున్నాయి. ఆయన మొహం నిండా మసి. ఒక మలుపు దాటాక నాకు తెలిసొచ్చింది. మొదటి చెక్క ఊడినప్పటి నుంచి లోపల కదలిక లేదు. ఒక నిమిషం చూశాను. పొట్ట నొక్కి చూశాను. పక్కకి తిరిగి కూర్చుని చూశాను.

"ఏమండీ, కదలడం లేదు," అన్నాను.

ఆయన, ఇళ్ళు వదిలినవాళ్ళకి చోటిచ్చిన స్కూలు వైపు వెళ్తున్న వరసలోంచి కారుని బయటికి లాగి ఆసుపత్రి దారి పట్టించారు. కొంత దూరం వెళ్ళాక, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పారు. రూఫర్ జూన్‌లోనే తన ఆఫీసుకి ఫోన్ చేశాడట. మీ ఆవిడ వాయిదా వేయమంటోంది, నిజమేనా అని అడిగాడట. నిజమే, ఆవిడ ఎలా చెప్తే అలా చేయండి, నేను అన్నట్టు మాత్రం చెప్పొద్దు అన్నారట.

"మీరెందుకలా అన్నారు?"

"ఆ గోడ కొట్టింది నేను కదా," అన్నారు.

కొట్టమని పోరుపెట్టింది నేను. ఏడాదిన్నరగా ఆ గోడని నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఎదురుగా కూర్చుని పప్పూ అన్నం కలుపుకుంటున్న ఈ మనిషి కూడా మోస్తున్నాడు. ఇద్దరం కలిసి ఏ పాపం ఎరగని ఒక రూఫర్ని తిట్టుకుంటూ కూర్చున్నాం. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. కొట్టమన్నది నేను అన్నాను. ఆయన ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని, మసిపట్టిన కుడిచెయ్యి తెచ్చి నా పొట్ట మీద పెట్టారు. ఆసుపత్రి దాకా తీయలేదు.

నర్సు నన్ను పడుకోబెట్టి పొట్టకి బెల్టు కట్టి మెషిన్ పెట్టింది. గర గర అని చప్పుడు. ఇటు జరిపింది. మళ్ళీ గర గర. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయారు, లోపలికి అడుగు వేయలేకపోయారు. ఇంకాస్త కిందికి జరిపింది. అప్పుడు వినబడింది, కుట్టుమిషన్ తొక్కినట్టు టకటకా టకటకా. నర్సు నవ్వింది. ఇంత గోలలో మీ బిడ్డ నిద్రపోతోంది అంది.

నేను ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే నర్సు భయపడి డాక్టర్ని పిలవబోయింది. సంతోషంతో ఏడుస్తున్నానని ఆవిడ అనుకుంది. కాదు. ఆ రోజు నేను ఏడ్చింది పోయిన బిడ్డ కోసం. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఏడవలేదు, తప్పు చేసినదానికి ఏడిచే హక్కు ఎక్కడిదని. ఇప్పుడు మా ఇంటి కప్పు విప్పారు. మామూలుగా కూడా కాదు, ఇనప కడ్డీతో పెరికారు. నిప్పు పడింది, పొగ పట్టింది. నేను బరువులు మోశాను. అయినా బిడ్డ హాయిగా నిద్రపోతోంది. అయితే గోడ కాదు. నేను కాదు. తలుపు దగ్గర మసి మొహంతో నిలబడ్డ ఈయనా కాదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన వచ్చి మంచం పక్కన కూర్చుని, తల నా చెయ్యి మీద ఆనించారు.

మర్నాడు సాయంత్రం మమ్మల్ని ఇంటికి వెళ్ళనిచ్చారు. వీధి పైకొసన మూడు ఇళ్ళు లేవు, చిమ్నీలు మాత్రం నిలబడి ఉన్నాయి. అందులో రెండు బొంత కప్పుల ఇళ్ళు. టీచరమ్మ ఇల్లు ఉంది. మా ఇల్లు ఉంది. లోపల నిప్పు దాగుందేమోనని ఫైర్ వాళ్ళు చివరి గది సీలింగ్ కూడా పొడిచి దించేశారు. గది మధ్యలో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించింది. ఆయన వద్దంటున్నా నేను అక్కడే కాసేపు నిలబడ్డాను. బిడ్డ కాలు పెట్టి తన్నింది, గట్టిగా. పొయ్యి మీద సాంబారు అలాగే ఉంది, పైన బూడిద.

ఆ నెల చివర్లో అమ్మాయి పుట్టింది. పర్మిట్ కూడా ఆ వారమే పోయింది. మా ఆయన మళ్ళీ కౌంటర్‌కి వెళ్ళి కొత్త ఫారం నింపారు. ఆరు నెలలు పని ఎందుకు మొదలుపెట్టలేదో కారణం రాయమన్నారట. ఆఫీసు కాగితం మీద ఎప్పుడూ ఒక్క అబద్ధం రాయని మనిషి. ఇంట్లో భయం వల్ల అని రాసి వచ్చారు. కౌంటర్లో ఆవిడ అది చదివి ఏమీ అడగకుండా ముద్ర కొట్టిందట.

నవంబరు చివర రూఫర్ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నాకు సిగ్గేసింది, ఎన్ని తిట్లు తిన్నాడో అతనికి తెలియదు. కాఫీ ఇచ్చాను, ఇంకో కప్పు ఇచ్చాను. తాగేసి, నిచ్చెన దించుకుంటూ, అలవాటు కొద్దీ మళ్ళీ అదే మాట అడిగాడు. ఇంట్లో కుక్కలేమైనా ఉన్నాయా?

"కుక్కల్లేవు," అన్నాను. "నెల రోజుల పిల్ల ఉంది."

చప్పుడూ దుమ్మూ ఎక్కువగా ఉంటాయి, సాయంత్రం దాకా పిల్లని ఎక్కడికైనా తీసుకెళ్ళమన్నాడు. నేను వెళ్ళలేదు. దుమ్ము రానంత దూరంలో, నిమ్మచెట్టు కింద కుర్చీ వేసుకున్నాను. మా ఆయన ఆ రోజు ఆఫీసు మానేసి వచ్చి పక్కన నిలబడ్డారు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, మొదటి చెక్క నుంచి ఆఖరి చెక్క దాకా దగ్గరుండి విప్పించాను.